వదిన వేలి మీద పడిన నింద

ఆమె అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఇంకెక్కడా వినిపించదు. ఇంటా బయటా అందరికీ ఆమె చిటపటే. కాగిన నూనెలో ఆవాలు పడితే ఎలా ఉంటుందో, ఆమె చెవిన ఒక అన్యాయం పడితే అలా ఉంటుందని చిన్నప్పుడు అన్న పెట్టిన పేరది. బడిలో ఎవరో కిటికీ అద్దం పగలగొడితే లెక్కల మాస్టారు వరస మొత్తాన్నీ ఎండలో నిలబెట్టాడు. పగలగొట్టినవాడు కిక్కురుమనలేదు, పగలగొట్టనివాళ్ళూ కిక్కురుమనలేదు. ఈ పిల్ల ఒక్కతే ముందుకొచ్చి, "చూడకుండా శిక్ష వేసినవాళ్ళకి ఏం శిక్షండీ?" అని అడిగింది. దానికి జవాబు రాలేదు గానీ ఇంకో పూట ఎండ మాత్రం వచ్చింది. నలభైకి దగ్గర పడుతున్నా ఆ గుణం పోలేదు. పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదని అన్న అంటాడు. "ఆ పుడకలకి నిప్పు నేనే పెట్టుకుంటాలే, నీకెందుకు శ్రమ" అంటుంది ఆమె.

అన్న బడి బస్సు నడుపుతాడు. వదిన అంబులెన్స్ కంట్రోల్ రూములో ఫోన్లు ఎత్తుతుంది. వాళ్ళు కింద, ఈమె మేడ మీద ఒక గదిలో. వంట మాత్రం ఒక్కటే. ఆడపడుచు అర్ధమొగుడని లోకం అంటుంది గానీ ఆ ఇంట్లో సామెత తల్లకిందులు. పెత్తనమంతా వదినదే. తల దువ్వుకోలేదేమనీ, మళ్ళీ టీయేనా అనీ, ఆ కళ్ళ కింద నలుపేమిటనీ కసురుతూనే ఉంటుంది. ఊరందరి మీదా ఎగిరిపడే చిటపట వదిన కసురుకి మాత్రం కుక్కిన పేనులా ఉంటుంది.

ఆమె ఉద్యోగం టైర్ల దుకాణం పైన మూడు గదుల కంపెనీలో. మెట్లెక్కేసరికి రబ్బరు వాసన ముక్కుకెక్కుతుంది. నీటి బిల్లులకీ, బస్సు టిక్కెట్లకీ, దుకాణాల లెక్కలకీ అక్కడ ప్రోగ్రాములు రాసి ఇస్తారు. యజమానికి వెనకాల పేరు చూద్దాం సారు. జీతం పెంచమన్నా చూద్దామే, ఫ్యాను తిరగడం లేదన్నా చూద్దామే. తండ్రి పోయాడు, సెలవు కావాలని ఒకాయన వస్తే దానికీ చూద్దామని నాలిక్కరుచుకున్నాడట. మనిషి చెడ్డవాడని ఎవరూ అనరు. కంపెనీ పెట్టిన కొత్తలో ఆయన సొంత చేత్తో రాసిన ప్రోగ్రాం ఒకటుంది. అది అంబులెన్స్ కంట్రోల్ రూముకి ఇచ్చినది. దాని మీద ఆయనకి కడుపున పుట్టిన బిడ్డ మీద ఉన్నంత మమకారం. ఇంకెవరూ దాన్ని తెరిచి చూడకూడదు. "నడుస్తున్న బండికి చక్రం విప్పకూడదమ్మా" అనేవాడు. చిటపటకి నీటి బిల్లులు అప్పజెప్పారు కాబట్టి ఆమె దాని జోలికి పోలేదు.

ఒక సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి వంటింట్లో లైటు వెయ్యలేదు. వదిన స్టూలు మీద కూర్చుని ఉంది. డ్యూటీ చీర కూడా మార్చుకోలేదు. అన్న గుమ్మానికి ఆనుకుని, బస్సు తాళాలు చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"ఏమైంది వదినా?"

"ఏం లేదు. తలనొప్పి."

"తలనొప్పి కాదు, ఉద్యోగం నొప్పి," అన్నాడు అన్న. "రేపట్నుంచి రావద్దన్నారు, విచారణ అయ్యేదాకా."

చిటపట లైటు వేసింది. వదిన ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది. కొంగు అంచుని మడత పెడుతూ విప్పుతూ మెల్లగా చెప్పింది.

"మొన్న ఓ తాపీమేస్త్రి గోడకి కట్టిన పరంజా మీంచి పడ్డాడు. ఇనప ఊచ తొడలో దిగింది. వాళ్ళావిడ ఫోన్ చేసింది. ఎక్కడో కనుక్కుని టైపు చేశా. 'ఆసుపత్రి వెతుకు' అని బటనుంటుందే, అది నొక్కా. అంతే, తెర బిగుసుకుపోయింది. 'బండి పంపు' నొక్కుతా, కదలదు. మళ్ళీ నొక్కుతా, కదలదు. ఇక లాభం లేదని సూపర్‌వైజర్‌కి కేకేశా. ఆయన తన ఫోన్లోంచి డ్రైవర్‌కి చెప్పాడు. బండైతే వెళ్ళింది. ఏ ఆసుపత్రికి తీసుకెళ్ళాలో తెలిస్తేగా? దగ్గర్లో ఉన్నదానికి తీసుకెళ్తే అక్కడ ఆపరేషన్ చేసే డాక్టర్ లేడు. అక్కణ్ణించి ఇంకోచోటికి. ఈలోగా కాలు చల్లబడిపోయిందట. తీసేశారు."

"మరి నువ్వు చేసిన తప్పేంటి?"

"రెండు తప్పులు. 'బండి పంపు' ఆలస్యంగా నొక్కానట, కంప్యూటర్ రికార్డులో పడిందట. రెండోది, గదిలో కేకలు పెట్టానట."

చిటపటకి అరికాలి మంట నెత్తికెక్కింది. "కేక పెట్టకపోతే ఆ బండి కూడా వెళ్ళేది కాదు కదా!"

"అదే చెప్పా. క్రమశిక్షణ అన్నారు."

గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. ఆ పూట ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. అన్న రెండు ముద్దలు తిని లేచి, చెయ్యి కడుక్కుంటూ, "ఆ ప్రోగ్రాం మీ కంపెనీదేగా?" అన్నాడు. మామూలుగానే అన్నాడు. చిటపటకి మాత్రం చెంప ఛెళ్ళుమన్నట్టయింది.

మర్నాడు ఆమె మెడలో కంపెనీ కార్డు వేసుకుని తిన్నగా కంట్రోల్ రూముకి వెళ్ళింది. కిటికీలు లేని పొడుగాటి గది. బయట చెప్పుల స్టాండు పక్కన సొంత ఫోన్లు పెట్టే అర. లోపల వరసగా కుర్చీలు, చెవులకి తగిలించుకునే ఫోన్లు, ఏసీ కింద తడి మరక. వదిన కుర్చీ ఖాళీగా ఉంది. నడుం నొప్పికని తను కుట్టుకున్న దిండు దాని మీద అలాగే ఉంది. చిటపట పక్క కుర్చీ వెనక నిలబడింది. అక్కడ కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ డ్యూటీలో ఉంది.

ఒక ఫోన్ వచ్చింది. ఎవరికో ఆయాసం. కళ్ళజోడావిడ చకచకా టైపు చేసి ఆసుపత్రి వెతకమని నొక్కింది. తెర మీద ఉన్నది ఉన్నట్టే నిలిచిపోయింది. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఏం కంగారు పడలేదు. అవతలి మనిషితో, "వస్తున్నారండీ, వస్తున్నారు, కిటికీ తెరవండి" అంటూ ఉంది. అడ్రసులో వీధి పేరు తప్పు పడిందని అవతలివాళ్ళు చెప్తే దిద్దడానికి కూడా వీల్లేదు. ఆ వీధి పేరుని ఆవిడ పెదాలతో వల్లె వేసుకుంటూ కూర్చుంది, మర్చిపోకుండా.

తెర కదిలాక ఆమె అడిగింది. "ఎప్పట్నుంచి ఇలా?"

"నేను చేరినప్పట్నుంచీ ఇంతే. ఏటిగట్టు ఆసుపత్రి కంప్యూటర్ పలక్కపోతే ఇలా అవుద్ది. పలికిన రోజు బానే ఉంటది."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

ఆవిడ సూపర్‌వైజర్ గది వైపు చూసి గొంతు తగ్గించింది. "చెప్పాం. మీ కంపెనీకి రాశారు కూడా. మీవాళ్ళు మాకు ట్రైనింగ్ ఇచ్చారుగా."

"ఏం ట్రైనింగ్?"

"టైపింగ్ స్పీడు పెంచుకోమని."

చిటపట ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్ళని చూసింది గానీ, మద్దెల ఓడైతే ఆడేవాళ్ళ కాళ్ళు విరగ్గొట్టేవాళ్ళని అప్పుడే చూసింది.

ఆఫీసుకెళ్ళి, అడగకుండానే ఆ ప్రోగ్రాం తెరిచింది. చదవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆసుపత్రి వెతకమని నొక్కగానే అది ఊళ్ళోని ఆసుపత్రుల కంప్యూటర్లని వరసగా అడుగుతుంది: మంచం ఖాళీ ఉందా, ఫలానా డాక్టర్ ఉన్నాడా అని. అడగడంలో తప్పు లేదు. ఒకదాన్ని అడిగితే అది జవాబు చెప్పేదాకా రెండోదాన్ని అడగదు. రెండోదాన్ని అడగకపోతే పోయె, ఇంకే పనీ చెయ్యదు. తెర మీద గీత కూడా గియ్యదు. జవాబు రాకపోతే ఎంతసేపు చూసి వదిలెయ్యాలో ఎవరూ రాయలేదు. రాయలేదు కాబట్టి లైను దానంతటదే తెగేదాకా అది అలా నిలబడే ఉంటుంది. ఏటిగట్టు ఆసుపత్రి అన్నిటికన్నా ముందు ఇందులో చేరడానికి ఒప్పుకున్న ఆసుపత్రి కాబట్టి వరసలో మొదటిది. అది మూగబోయిన రోజున దాని వెనకున్న మంచి ఆసుపత్రులన్నీ, డాక్టర్లూ మంచాలూ సిద్ధం చేసుకుని, ఎవరూ అడగక ఊరికే కూర్చుంటాయి.

అంతకన్నా ఘోరం ఇంకోటి కనిపించింది. తెర బిగుసుకున్నప్పుడు నొక్కిన నొక్కుళ్ళన్నీ లోపల పోగుపడతాయి. ప్రోగ్రాంకి తీరిక దొరికాక వాటిని ఒక్కొక్కటే చూసుకుని, చూసుకున్న వేళని రికార్డులో వేస్తుంది. మనిషి నొక్కిన వేళ దానికి తెలియనే తెలియదు. అంటే, తను చేసిన జాప్యాన్ని అది తీసుకెళ్ళి వదిన వేలికి అంటగట్టింది.

చూద్దాం సారు గదిలోకి ఆమె తలుపు తట్టకుండా వెళ్ళింది.

"సార్, కంట్రోల్ రూములో తప్పు మనది. ఆపరేటర్‌ది కాదు."

ఆయన ఆమె మొహం చూసి, చేతిలో కప్పు కింద పెట్టాడు. "కూర్చోమ్మా. చూద్దాం."

"కూర్చోను. మన ప్రోగ్రాం ఒక ఆసుపత్రి ముందు నిలబడిపోతోంది. ఆమె టైముకే నొక్కింది. రికార్డు అబద్ధం చెప్తోంది."

"ఇన్నేళ్ళ నుంచి నడుస్తోందమ్మా అది. రికార్డు అబద్ధం చెప్తుందా, మనుషులు అబద్ధం చెప్తారా?" ఆయన కాస్త ఆగి, ఓ నవ్వు నవ్వాడు. "ఆ ఆపరేటర్ మీ వదినగారట కదా. నేనర్థం చేసుకోగలను. ఇంటిమనిషి అంటే ఎవరికైనా అభిమానం ఉంటుంది."

చిటపట బల్ల మీద చెయ్యి చరిచింది. "నా వదిన కాబట్టి నాకు తెలిసింది. కాకపోతే నేనూ మీలాగే నీటి బిల్లులు చూసుకుంటూ కూర్చునేదాన్ని. అదండీ నా సిగ్గు. మరి మీకు వాళ్ళు రాసి పంపారు కదా? మీరేం చేశారు? టైపింగ్ నేర్పించారు!"

"గొంతు తగ్గించమ్మా."

"కేకలు పెట్టడం మా ఇంటి జబ్బు సార్. దానికి మా వదినకి ఆల్రెడీ శిక్ష పడింది."

విచారణ అయ్యాక చూద్దామన్నాడాయన. ఆ ప్రోగ్రాం ముట్టుకోవద్దని కూడా అన్నాడు. ఆమె తన బల్ల దగ్గరికొచ్చి, నీటి బిల్లుల ఫైలు మూసేసి, అందరూ చూస్తుండగానే ముట్టుకుంది. పక్క బల్లాయన, "ఉద్యోగం పోతుందే తల్లీ" అని గొణిగాడు. "పోనీ. రాసినది మాత్రం ఇక్కడే ఉంటుంది" అంది.

రాయడం మొదలుపెట్టాక కోపానికి ఓ దారి దొరికింది. పాతదాన్ని దిద్దడం కాదు, అడిగే పద్ధతే మార్చాలి. ఆ సాయంత్రం వంటింట్లో కూరగాయలు తరుగుతున్న వదినకి చెప్పింది.

"మా భాషలో దీన్ని బ్లాకింగ్ కాల్ అంటారు వదినా. అడిగి, నోరు తెరుచుకుని నిలబడటం. నేను రాసేది అలా నిలబడదు. అన్ని ఆసుపత్రుల్నీ ఒక్కసారే అడుగుతుంది. అడిగేసి నీ తెర దగ్గరికి తిరిగొచ్చేస్తుంది. నువ్వు అడ్రస్ దిద్దుకో, బండి పంపుకో. ఎవరు ముందు పలికితే వాళ్ళ జవాబు ముందు వస్తుంది. గడువులోగా పలకనివాణ్ణి పక్కన పెడుతుంది."

వదిన కత్తిపీట మీంచి తలెత్తింది. "ఇందులో ఏముందే విడ్డూరం? మీ అన్నయ్య స్నానం ముగిసేదాకా నేను పొయ్యి వెలిగించకుండా కూర్చుంటున్నానా?"

"అదే మా సారుకి తట్టలేదు."

"ఆయనకి వండిపెట్టేవాళ్ళున్నారులే."

చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినిపించింది.

సెలవు రోజున భోజనాల బల్ల మీద పరీక్ష పెట్టారు. ల్యాప్‌టాప్ ముందు వదిన. ఆసుపత్రుల బదులు జవాబులు చెప్పడానికి చిటపట రాసిన చిన్న చిన్న ప్రోగ్రాములు. వాటిలో కొన్ని చురుకు, కొన్ని నత్తనడక, ఒకటి చచ్చినా పలకదు. పక్కగదిలోంచి ఫోన్ చేసే బాధితుడి వేషం అన్నయ్యది. వేషం దొరికిందే చాలని ఆయన రెచ్చిపోయాడు. "అమ్మోయ్, నా చెయ్యోయ్! మెట్ల మీంచి పడ్డానోయ్!" అని ఆయన పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు తలుపు తీశారు.

వదిన చెయ్యి విరిగిన కేసు టైపు చేసింది. నొక్కింది. తెర ఆగలేదు. బండి పంపింది, పోయింది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. మళ్ళీ నొక్కడానికి సిద్ధంగా ఉన్న వేలు గాల్లోనే ఉండిపోయింది. వెంటనే అన్న గొంతు మార్చి, నెలలు నిండిన పెళ్ళాం తరఫున మొగుడిలా మాట్లాడాడు. ఆమె అదీ టైపు చేసింది. ఒక్క క్షణం చూసి మొహం చిట్లించింది.

"పురుడుకి ఎముకల వార్డు చూపిస్తోందేంటి ఇది?"

"చూపించదు. నువ్వేదో తప్పు నొక్కి ఉంటావ్," అంది చిటపట.

ఆ మాట నోట్లోంచి ఊడిపడింది. వదిన చేతులు ల్యాప్‌టాప్ మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది, అచ్చంగా కంట్రోల్ రూములో ఆ కళ్ళజోడావిడ పెట్టుకున్నట్టే. పక్కగదిలోంచి అన్న, "పిల్లాడు పుట్టాడా, ఇంకా టైముందా?" అని అరిచి, ఎవరూ పలక్కపోయేసరికి తొంగి చూసి తల వెనక్కి లాక్కున్నాడు.

చిటపట కుర్చీ లాక్కుని వదిన పక్కన కూర్చుంది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. ఏ నింద మీద ఇన్నాళ్ళూ ఒళ్ళు మండిందో, చూడకుండా తనూ అదే నింద వేసింది. "మళ్ళీ చెయ్యి వదినా. నేను చూస్తా," అంది. మళ్ళీ చేశారు, చూసింది. తప్పు తనదే. నత్తనడక ఆసుపత్రి చెయ్యి విరిగినవాడి గురించి తీరిగ్గా చెప్పిన జవాబు, ఆ కేసు మూసేశాక వచ్చి, అప్పుడు తెర మీదున్న గర్భిణి కేసులో కూర్చుంది. అందర్నీ ఒక్కసారే అడిగినప్పుడు జవాబులు వరసలో రావు. ఏ జవాబు ఏ ప్రశ్నదో గుర్తు లేకపోతే కొంపలంటుకుంటాయి. ప్రతి ప్రశ్నకీ ఆ ఫోన్ నంబరే గుర్తుగా తగిలించి, అదే గుర్తుతో తిరిగొస్తేనే జవాబుని లోపలికి రానిచ్చేలా మార్చింది. ఆలస్యంగా వచ్చి, తన కేసు కనపడని జవాబు గుమ్మం బయటే రాలిపోతుంది.

"నేనన్న మాట..." అని మొదలుపెట్టింది.

"అన్నావ్. చూశావ్ కూడా," అంది వదిన. "వాళ్ళు చూడలేదు. ఇంకోటి చెప్తా విను. నేను ఒక ఆసుపత్రి మీద వేలు పెట్టేలోగా కొత్త జవాబొచ్చి ఆ వరస కిందికి దిగిపోతోంది. వేలు ఇంకోదాని మీద పడుతోంది. అది కూడా చూడు."

అదీ మార్చింది. ఈసారి ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

విచారణకి వైద్యశాఖ నుంచి ఒక పెద్ద డాక్టరమ్మ వచ్చింది. నెరిసిన జుట్టు, అరిగిన చెప్పులు, మాట తక్కువ. కంట్రోల్ రూము చివర ట్రైనింగ్ కోసం ఉంచిన బల్ల చుట్టూ కుర్చీలు వేశారు. ఒకవైపు చూద్దాం సారు, ఇంకోవైపు సూపర్‌వైజర్, ఎదురుగా వదిన. చిటపటని ఎవరూ పిలవలేదు. పిలవని పేరంటానికి వచ్చినట్టు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చి గోడ పక్కన నిలబడింది.

డాక్టరమ్మ రికార్డు చదివింది. "ఫోన్ వచ్చిన చాలాసేపటికి గానీ మీరు బండి పంపు నొక్కలేదని ఉంది. ఎందుకు?"

"నొక్కానమ్మా. తెర కదల్లేదు."

"రికార్డులో అలా లేదే."

చిటపట గోడ వదిలింది. "మేడం, ఆ కుర్చీలో ఒక్కసారి మీరు కూర్చోండి."

చూద్దాం సారు లేచాడు. "మేడం, ఈమె మా ఉద్యోగే గానీ, ఆ ఆపరేటర్‌కి బంధువు. ఈమె మాట..."

"నా మాట వద్దు మేడం. మీ వేలు చాలు."

డాక్టరమ్మ ఇద్దర్నీ చూసి, ఏమనుకుందో ఏమో, కొంగు సర్దుకుని ట్రైనింగ్ కంప్యూటర్ ముందు కూర్చుంది. అందులో ఉన్నది పాత ప్రోగ్రామే. ఏటిగట్టు ఆసుపత్రి పలక్కపోతే ఏమవుతుందో చూపించాలంటే ముందు దాని లైను తెంపాలి. చిటపట బల్ల వెనక్కి వంగి తీగ వెతుకుతుంటే, అంతవరకూ చేతులు కట్టుకుని కూర్చున్న సూపర్‌వైజర్ దగ్గాడు.

"తెంపక్కర్లేదమ్మా," అన్నాడు, బల్ల వైపు చూస్తూ. "అది పొద్దున్నుంచీ పలకడం లేదు."

డాక్టరమ్మ ఆయన వైపు తిరిగింది. "ఇలా ఎప్పుడైనా జరుగుతుందా?"

ఆయన నుదురు తుడుచుకున్నాడు. "వారంలో సగం రోజులు ఇంతే మేడం. ఆ రోజు ఈవిడ కేకేసింది నాకే. నేను ముందే చెప్పాల్సింది. రిటైర్మెంట్ దగ్గరుంది... భయపడ్డా."

డాక్టరమ్మ ఆసుపత్రి వెతకమని నొక్కింది. ఆ తర్వాత బండి పంపు నొక్కింది. తెర కదల్లేదు. మళ్ళీ నొక్కింది. ఇంకోసారి గట్టిగా నొక్కింది, గట్టిగా నొక్కితే పనవుతుందన్నట్టు. గది అవతలి చివర ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. "ఇదేంటిది, పోతోందా లేదా?" అంది చివరికి, ఎవరినీ ఉద్దేశించకుండా. ఎప్పటికో తెరకి ప్రాణం వచ్చింది. ఆమె నొక్కినవన్నీ ఒక్క గుక్కలో రికార్డులోకి ఎక్కాయి.

చిటపట ఆ రికార్డు ఆమె ముందుకి తిప్పింది. "మేడం, ఇంత ఆలస్యం చేశారెందుకు?"

"నేను ఆలస్యం చెయ్యలేదు."

"మా వదినా అదే చెప్పింది."

తర్వాత చిటపట పక్కనే ల్యాప్‌టాప్ పెట్టి కొత్తది చూపించింది. అదే ఏటిగట్టు ఆసుపత్రి, అదే మౌనం. మిగతావన్నీ టపటపా పలికాయి, తెర ఎక్కడా ఆగలేదు. డాక్టరమ్మ ఒక్కటే ప్రశ్న అడిగింది, చూద్దాం సారుని. "ఇది ఇంతకుముందే చెయ్యొచ్చా?" ఆయన చూద్దామనబోయి ఆగాడు. "చెయ్యొచ్చు మేడం," అన్నాడు.

ఇక్కడితో న్యాయం గెలిచిందనుకుంటే పొరపాటే. వదినని మళ్ళీ డ్యూటీలో చేరమన్నారు. ఆలస్యం చేసిందన్న ఆరోపణ 'రుజువు కాలేదు' అన్నారు. రుజువు కాకపోవడం వేరు, తప్పు లేకపోవడం వేరు. కేకలు పెట్టినందుకు హెచ్చరిక మాత్రం అలాగే ఉంచారు. క్రమశిక్షణ కదా! చిటపట ఆ హెచ్చరిక తీసెయ్యమని వైద్యశాఖ ఆఫీసు మెట్లు అరిగేలా తిరిగింది. దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది. కొత్త ప్రోగ్రాం పెట్టారు గానీ, అది కంపెనీ ముందుచూపుకి నిదర్శనమని చూద్దాం సారు ఎవరికో ఫోన్లో చెప్తుంటే ఆమె విన్నది. ఏటిగట్టు ఆసుపత్రి ఎందుకు మూగబోతోందో కనుక్కుందామని స్వయంగా వెళ్తే, అక్కడ కంప్యూటర్ ప్లగ్గు పీకి మంచినీళ్ళ యంత్రానికి పెట్టుకుంటున్నారని తెలిసింది. తిలా పాపం తలా పిడికెడు. కాలు పోయింది మాత్రం ఒక్కడికి.

ఆ ఒక్కడి ఇంటికి వెళ్దామంది వదిన. చిటపట వద్దంది. ఆపరేటర్ నిర్లక్ష్యం వల్లే ఇలా జరిగిందని వాళ్ళకి ఆఫీసువాళ్ళు చెప్పారట. మేస్త్రి భార్య కంట్రోల్ రూము గేటు దగ్గరికొచ్చి, ఆ ఫోన్ ఎత్తిన మనిషి చెయ్యి పడిపోవాలని శాపనార్థాలు పెట్టి వెళ్ళిందట. "అందుకే వెళ్ళాలి," అంది వదిన.

వాళ్ళది రేకుల కప్పు కింద ఒకే గది. మేస్త్రి మంచం మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. దుప్పటి ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు చదునుగా ఉంది. చిటపట చూపు దాని మీద పడి పక్కకి తప్పుకుంది. అతని భార్య గుమ్మంలోనే నిలబడి, "ఎవరండీ మీరు?" అంది.

వదిన ముందుకొచ్చింది. "ఆ రోజు నీ ఫోన్ ఎత్తింది నేనేనమ్మా."

ఆ ఇల్లాలు తల కొంచెం వంచి, ఇంకో మాట కోసం చూస్తున్నట్టు నిలబడింది. "మళ్ళీ మాట్లాడండి," అంది.

"నేనే. నేనేం చెయ్యాలన్నా ఆ తెర..."

"మీరే! 'గుడ్డ గట్టిగా అదిమి పట్టుకో తల్లీ, చెయ్యి తియ్యకు, నేను లైన్లోనే ఉన్నా' అన్నారు. బండి వచ్చేదాకా అంటూనే ఉన్నారు." ఆమె వదిన చెయ్యి పట్టుకుంది. "అలా అదిమి పెట్టబట్టే మనిషి దక్కాడని డాక్టర్ చెప్పాడు. మరి ఫోన్ ఎత్తిన మనిషి పట్టించుకోలేదని ఆఫీసులో చెప్పారే? ఆవిడా మీరూ వేరనుకున్నా. అయ్యో, నేను తిట్టింది మిమ్మల్నా?"

ఈ సంగతి వదిన ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. అది చెప్పుకోవాల్సిన గొప్ప అని ఆమెకి తోచినట్టే లేదు. చిటపటకి కళ్ళు తడిశాయి, ఆ తడిలోనే మళ్ళీ మంట రేగింది. ఆ ఫోన్ మాటలన్నీ కంట్రోల్ రూములో రికార్డయి ఉంటాయి. విచారణ అన్నవాళ్ళలో ఒక్కడికైనా అది పెట్టి వినాలనిపించలేదు.

జరిగినదంతా వాళ్ళిద్దరికీ విడమరిచి చెప్పింది చిటపట. మేస్త్రి అంతా విన్నాక అడిగాడు. "అంటే ఆసుపత్రులున్నాయి, డాక్టర్లున్నారు, అడిగే దిక్కు లేక నా కాలు పోయింది. అంతేనా అమ్మా?"

"అంతే అన్నా."

"ఆ ప్రోగ్రాం రాసినాయన ఎక్కడుంటాడు?" అంది అతని భార్య.

ఆ వారంలోనే ఆమె టైర్ల దుకాణం పైకి మెట్లెక్కింది. ఆమెతో మేస్త్రి పనివాళ్ళు కొందరు, వదిన, కళ్ళజోడావిడ. చిటపట అడ్డు రాలేదు, ముందుకీ రాలేదు. కుర్చీ తెచ్చి వేసింది. మేస్త్రి భార్య కూర్చోలేదు. "మా ఆయన గోడ కడితే, వంకరొస్తే ఇటుకని తిట్టడండీ. పీకి మళ్ళీ కడతాడు," అంది యజమానితో. "మీ గోడ వంకర అని ఇంతమంది చెప్తే మీరు ఈవిణ్ణి తిట్టించారు. మాతో కూడా తిట్టించారు."

ఆయన కాగితం తీసుకుని, వాళ్ళ ఎదురుగానే వైద్యశాఖకి రాశాడు: తప్పు ప్రోగ్రాందని, దాని గురించి ముందే తెలిసినా తను దిద్దలేదని, ఆపరేటర్ చేయగలిగినదంతా చేసిందని. మొదటి వాక్యం రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాడు. చిటపటకి జాలి వెయ్యలేదు. వెయ్యాలేమో అనుకుంది గానీ వెయ్యలేదు.

ఆ కాగితం వెళ్ళాక హెచ్చరిక తీసేశారు. 'రుజువు కాలేదు' అన్న చోట 'తప్పు లేదు' అని మార్చారు. మేస్త్రికి పరిహారం ఇవ్వాలని డాక్టరమ్మ గట్టిగా రాసింది. అది ఇంకా ఆఫీసుల మధ్య నడుస్తూనే ఉంది. కంట్రోల్ రూము ప్రోగ్రాం ఇప్పుడు చిటపట చేతిలో ఉంది. వదిన తన దిండు మీద కూర్చుని, ఎవరైనా పలక్కపోయినా ఆగని తెర ముందు, వచ్చిన ఫోన్ వచ్చినట్టు ఎత్తుతోంది. అందరూ బాగానే ఉన్నారంటారు. ఆ మాట ఎవరన్నా చిటపటకి ఒళ్ళు మండుతుంది. మేస్త్రి పరంజా ఎక్కడం మానేశాడు. కింద కూర్చుని, ఇటుకలు అందించేవాళ్ళకి వరస చెప్తుంటాడు. పోయిన కాలు ఏ కాగితంతోనూ రాలేదు.